స్వభావోక్తియు నవ్వును: ఒక హాస్యవక్త ప్రదర్శనముపై విమర్శనము

శృంగారకరుణములను గూర్చి ప్రకరణములు ప్రకరణములుగా వ్రాసిన మన లాక్షణికులు హాస్యముకడకు వచ్చునప్పటికి నాలుగు మాటలు చెప్పి ముందునకు సాగిపోయిరి. వికృతమైన వేషము, వికృతమైన వాక్కు, వికృతమైన చేష్ట, వీనిచేత హాసము స్థాయియై హాస్యరస మగునని భరతుడు చెప్పినదానినే తరువాతివారు పెక్కుమంది మరల జెప్పిరి. ఉదాహరణమునకు విదూషకుని వంకరకఱ్ఱయు భోజనలౌల్యమును జాలియుండినవి. వికృతి యేమియు లేనిచోట, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుటచేతనే సభ యంతయు నవ్వినయెడల ఆ నవ్వునకు విభావ మేమి? ఈ ప్రశ్న పూర్వులకు దోపలేదనుట సాహసమగును. వారి గ్రంథములలోనే దీనికి సమాధానము గలదని నా నమ్మకము. కాని యది హాస్యప్రకరణమున గాక వేఱొకచోట, అలంకారవివాదమున, నున్నది. న్యూయార్కు నగరమున శ్రీ జెర్రీ సైన్‌ఫెల్డు ప్రదర్శనమును బ్రత్యక్షముగా జూచిన పిమ్మట నాకు దోచిన యంశములను విజ్ఞుల విచారణకై యిట బొందుపఱచుచున్నాను.

పాశ్చాత్యులు ‘స్టాండప్ కామెడీ’ యని పిలుచు ప్రక్రియయందు ఒక్క మనుష్యుడు రంగముపై నిలుచుండి గంటసేపు మాటలాడును. కథ లేదు, పాట లేదు, తోడిపాత్ర లేదు. అందును లోకపరిశీలనమే వృత్తిగా గలవారు కొందఱు. వారికి రాజకీయము వలదు, బూతు వలదు. ఉదయమున దినునది, విమానమున నిచ్చునది, మగడును భార్యయు నొక చిన్న విషయమునకై వాదించుకొనునది, ఇవియే వస్తువులు. ఏకపాత్రమైన రూపకము మనకు గ్రొత్త గాదు. దశరూపకములలోని భాణ మట్టిదే. మానవల్లి రామకృష్ణకవిగారు ఎస్. కె. రామనాథశాస్త్రిగారితో గూడి 1922లో బ్రకటించిన చతుర్భాణిని జదివినవా రెఱుగుదురు: విటుడు వీథివెంట బోవుచు గనబడినవారి తీరుతెన్నులను వర్ణించుచు, ఎదుట లేనివారితో ‘ఏమంటివి?’ యని యాకాశభాషితము నెఱపును. సైన్‌ఫెల్డును ఇదే చేయును. అంగడివానితోను, వైద్యునితోను, భార్యతోను దానొక్కడే రెండు గొంతులతో సంభాషించును.

అయినను మన జానపదులలో నొంటిగా నవ్వించువారి తెఱగు వేఱు. తెలంగాణమున పిట్టలదొర తలకు టోపియు, ఒంటికి దొరల చొక్కాయు, చేత కొయ్యతుపాకియు ధరించి, లేని భూములను లేని ధనరాసులను వర్ణించి నవ్వించును. అది సంపూర్ణముగా భరతుని లక్షణమునకు లోబడిన హాస్యము. ఓరుగంటివారైన నేరెళ్ల వేణుమాధవ్‌గారు (1932–2018) అన్యుల కంఠములను అనుకరించి దేశదేశముల ఖ్యాతి గాంచిరి. అందును అనుకరణమే ప్రాణము. లోకపరిశీలకునకు వేషము లేదు, అనుకరణము స్వల్పము. అతని యాయుధము ‘చూచితిరా?’ యను నొక్క మాట.

సైన్‌ఫెల్డు 1954లో బుట్టినవాడు. 1976లో, కళాశాల విడిచిన యేటనే, చిన్న క్లబ్బులలో మాటలాడ నారంభించెను. 1989 మొదలు 1998 వఱకు నడచిన టెలివిజన్ నాటకమాలిక యతనిని లోకప్రసిద్ధుని జేసినది. ఆ పిదప నతనికి ధనమునకుగాని కీర్తికిగాని కొదువ లేదు. అయినను మరల మైకు ముందునకే వచ్చెను. 2016 మొదలుకొని బీకన్ నాటకశాలలో విడతలు విడతలుగా బ్రదర్శనము లిచ్చెను. 1929లో దెఱువబడిన యా శాలలో సుమారు 2,900 ఆసనములు గలవు. రంగమున కిరుప్రక్కల మహోన్నతములైన యవనదేవతల ప్రతిమలు నిలిచియుండును. ఆ వైభవము నడుమ రంగముపై నున్నవి మైకుకఱ్ఱ, ఎత్తుపీట, నీళ్లపాత్ర. వచ్చిన మనుష్యుడు నల్లని కోటును మెడకు టైయును ధరించి, అప్పు కోరి వచ్చినవానికి లేదని చెప్పబోవు బ్యాంకు మేనేజరువలె నుండును. వికృతవేషమునకు ఇది సరిగా ప్రతిపక్షము.

ఇక నసలు విషయము. అతడు మొదట నొక వాక్యము చెప్పును. అందు నవ్వదగిన దేమియు నుండదు. 2020లో వెలువడిన ‘23 అవర్స్ టు కిల్’ అను చిత్రము ఈ శాలలోనే పట్టబడినది. దాని యారంభప్రసంగమునే యుదాహరణముగా గైకొందము. మీరందఱును బయటికి రావలెనని యెంత ప్రయాసపడితిరి, టికెట్లెవరు కొనవలెను, ఎవరి కారులో నెవరు పోవలెను, ఎక్కడ గలిసికొనవలెను అని సభికుల కష్టములనే సభికులకు జెప్పును. ఇట్టి మాట విన్నంతనే శాలలో నొక ధ్వని పుట్టును. అది నవ్వు గాదు. ఊకొట్టుటకును నిట్టూర్పునకును నడిమిదైన యొక గొణుగుడు. భర్తను భార్య మోచేతితో నొకపోటు పొడుచును. వెనుకవరుసవా డెవడో ‘ఔనౌ’ననును. దీనిని సమ్మతి యందము. పిమ్మట నతడు మాట ద్రిప్పును: వచ్చితిరి గదా, ఇక గొంతసేపటికి ఇల్లు చేరవలెనని తహతహపడుదురు, ఇంట నున్నవాడు బయటికి, బయట నున్నవాడు ఇంటికి, మనుష్యు డెక్కడను నుండగోరడు. అప్పుడు గాని నవ్వు రాదు. మొదటి ధ్వనికిని రెండవధ్వనికిని నడుమ ఱెప్పపాటు కాలము గలదు. ఇంట గూర్చుండి యదే చిత్రమును నేను రెండుమాఱులు చూచియుంటిని. ఆ ఱెప్పపాటు నాకు వినబడలేదు. శాలలో నడుమ గూర్చున్నవానికి మాత్రము అది స్పష్టముగా వినబడును.

ఈ రెండు ధ్వనులును రెండు వేర్వేఱు వ్యాపారముల ఫలములని నా యభిప్రాయము. ఇట మన యలంకారశాస్త్రములోని ప్రాచీనవివాద మొకటి జ్ఞప్తికి వచ్చును. స్వభావోక్తి యలంకారమా కాదా? భామహుడు ‘కొందఱు అట్లందురు’ అని తప్పించుకొనెను. దండి దానిని అర్థాలంకారములలో మొట్టమొదటిదిగా నిలిపెను. కుంతకుడు వక్రోక్తిజీవితమున దీనిని దీవ్రముగా ఖండించెను: వస్తుస్వభావమే యలంకారమైనచో దానిచేత నలంకరింపబడున దేది? తన మూపుపై దానే యెక్కుట యెట్లు? మహిమభట్టు మరల స్వభావోక్తిపక్షమున నిలిచి, వస్తువునకు సామాన్యరూపము విశిష్టరూపము అని రెండు గలవనియు, సామాన్యము లోకులందఱకు దెలిసినదే యనియు, విశిష్టమును బ్రతిభావంతుడైన కవియే చూడగలడనియు జెప్పెను.

ఈ వివాదమును మనము కుమారసంభవశ్లోకములను ముందిడికొని చర్చించుచుందుము. అందు చిక్కేమన, చదువరి మనస్సున నేమి జరిగినదో చూపుటకు సాధనము లేదు. నీవు వక్రత యందువు, నేను స్వభావ మందును. హాస్యసభయందు శ్రోత నోటితోనే తీర్పు చెప్పుచున్నాడు. ఆ తీర్పు రెండు భాగములుగా వచ్చుచున్నది. స్వభావోక్తి సమ్మతిని బుట్టించును. దానిపై నెక్కిన వక్రత నవ్వును బుట్టించును. సమ్మతి గలిగియు మాట తిరుగనిచోట శాల తల యూచి యూరకుండును. మాట యెంత తిరిగినను ముందు సమ్మతి లేనిచోట పలుచనినవ్వు పుట్టి పుట్టకమున్నే యణగిపోవును. కావున దండి కుంతకు లిరువురును సత్యమే చెప్పిరి గాని యొకే ధ్వనిని గూర్చి చెప్పలేదు. అయినను వీరిలో నెవరి కెక్కువపాలు ముట్టవలెనని యడిగినచో నేను మహిమభట్టుపక్షము వహింతును. ఏలయన, మాట ద్రిప్పుట నేర్చినవారు వేలకొలది గలరు. టికెట్లను గూర్చిన యా చిల్లరవాదమును, ఎవరును వినదగినదిగా దలపనిదానిని, వినదగినదిగా జూచినవాడు అరుదు.

మఱి వికృతి ఎక్కడ? ఉన్నది, కాని వేషమున లేదు. అభినవగుప్తపాదులు అనౌచిత్యమే హాస్యవిభావమనియు, ఏ రసమునకైనను ఆభాసము గలిగినచో నది హాస్యమున బర్యవసించుననియు జెప్పిరి. సైన్‌ఫెల్డును జాగ్రత్తగా విన్నయెడల అతడు నవ్వుచు మాటలాడుట తక్కువ, కోపించుట యెక్కువ. గొంతు పైస్థాయికి బోవును, చేతులు చాచును, కనుబొమలు ముడివడును. ఆ కోపము దేనిమీద? పొట్లము విప్పరాకుండుటమీద, విందున నొకడు పళ్లెమును గొండగా నింపికొనుటమీద. సీతాపహరణమునకు దగినంత క్రోధము చొక్కాగుండీపై వెచ్చింపబడును. ఇది రౌద్రాభాసము. నల్లకోటు ఎందుల కనిన ప్రశ్నకును ఇదియే సమాధానము: క్రోధించువాడు గౌరవనీయుడుగా గనబడినగాని యా క్రోధ మస్థానమున బడినట్లు తోపదు. పిట్టలదొరవేషమున నివే మాటలు చెప్పినచో సగము నవ్వు చచ్చును.

ఇతని రచనాపరిశ్రమ మన పండితులకు మిక్కిలి ప్రీతి గలిగింపదగినది. పచ్చకాగితముల పుస్తకములపై జేతితోనే వ్రాయుట యతని యలవాటు. దశాబ్దముల తరబడి దాచిన యా కాగితములనుండి యేర్చి 2020లో నొక గ్రంథమును బ్రకటించెను. 2012లో న్యూయార్క్ టైమ్స్ పత్రికవారితో మాటలాడుచు, పాప్‌టార్ట్ అను ఫలహారమును గూర్చిన చిన్న ప్రసంగమునకై రెండేండ్లు శ్రమించుచున్నట్లు చెప్పెను. వాక్యము రవంత పొడుగైనచో మాటలనుండి యక్షరములను చెక్కివేయుదుననియు, పలుకులోని మాత్రలను లెక్కింతుననియు, ఇది పాట గట్టుటవంటి పనియనియు వివరించెను. అర్ధమాత్ర లాఘవమునకు పుత్రోత్సవమంత సంబరపడు వైయాకరణులను మనము పరిహసింతుము గదా. ఇక్కడ పరిహాసమే వ్యాకరణమైనది. విను వారికి మాత్రము ఇది యప్పటి కప్పుడు నోట వచ్చినట్లే యుండును. మన యవధాని నిజముగా నాశువుగానే చెప్పును, వినువారు ‘ఇది ముందే వ్రాసికొని వచ్చినాడేమో’ యని శంకింతురు. ఇతడు అక్షరాక్షరము ముందే వ్రాసికొని వచ్చును, వినువా రాశువనుకొందురు. రెంటిలో నేది కష్టమో నేను చెప్పజాలను.

1998 ఆగస్టునందు బ్రాడ్‌హర్స్ట్ నాటకశాలలో తన పాతహాస్యమునంతటిని గడపటిసారి చెప్పి విడిచిపెట్టెను. ఆ చిత్రమునకు నాందిగా ఆ పాతమాటలకు అంత్యక్రియలు జరుపుట చూపబడినది. తరువాత నతడు చిన్నక్లబ్బులలో దొలినుండి యారంభించి, క్రొత్తమాటలు కుదురక తడబడుట 2002 నాటి ‘కమెడియన్’ అను చిత్రమున జూడవచ్చును. శతకమంతయు రాసి చింపివేసి మరల మొదటిపద్యము మొదలిడిన కవి మనలో నెవడేని గలడా?

ప్రత్యక్షదర్శనమున గలుగు మఱియొక విశేషమును జెప్పవలెను. హాస్యము ఆత్మస్థము పరస్థము అని రెండు విధములని భరతమతము. దీనికి మన తెలుగువాడైన జగన్నాథపండితరాయలు చేసిన వ్యాఖ్య రసవంతమైనది: విభావమును స్వయముగా జూచుటచే గలుగునది యాత్మస్థము, నవ్వుచున్న పరుని జూచుటచే గలుగునది పరస్థము. శాలలో నా రెండవది ప్రవాహమువలె వచ్చును. ఇంగ్లీషునుడికారము నాకు దప్పిపోయినచోట్ల సైతము నేను నవ్వితిని. ఇంట నొంటిగా జూచునప్పుడు అది యుండదు. 1950వ దశకమున అమెరికాదేశమున చార్లెస్ డగ్లస్ అను శబ్దశిల్పి ముద్రితమైన నవ్వులను టెలివిజన్ నాటకములకు జేర్చుటకై యొక యంత్రమును గల్పించెను. పండితరాయల పరస్థహాస్యమును పెట్టెలో బంధించుటకు జేసిన ప్రయత్నమే యది. నాట్యశాస్త్రమున సిద్ధిప్రకరణమునందు స్మితము, అర్ధహాసము, అతిహాసము, సాధువాదము మొదలగునవి ప్రయోగసిద్ధికి లక్షణములుగా జెప్పబడినవి. భరతుడు సభాధ్వనిని బ్రయోగములో భాగముగానే లెక్కించెనని దీనివలన దేలుచున్నది.

ఇక లోపములు. మొదటిది, గంటసేపటి ప్రసంగమంతయు ముక్తకముల పోగు, మకుటములేని శతకము. తొమ్మిదవ ముక్తకమును మూడవదానిచోట నుంచినను జెడున దేమియు లేదు. రెండవది, కరుణస్పర్శ కొఱవడుట. అఱువదియేండ్లు దాటినవాడై వార్ధకమును గూర్చి చెప్పునప్పుడు సైతము లోతునకు దిగక యంచుననే నడచును. మునిమాణిక్యంవారి కాంతం కథలలో నవ్వు నడుమ గన్ను చెమర్చునట్టి తావు లితనియందు వెదకినను దొరకవు. జంఘాలశాస్త్రి యుపన్యాసములును నాకు జ్ఞప్తికి వచ్చినవి. పానుగంటివారు ఆంగ్లమున అడిసను ‘స్పెక్టేటరు’ను మార్గదర్శిగా గొని ‘సాక్షి’ని వ్రాసిరి. జంఘాలశాస్త్రియు సభలో నిలుచుండి లోకమునే చూపి నవ్వించును. కాని సమ్మతి దొరకినంతనే చీవాట్లకు దిగును, సంస్కారము గోరును. సైన్‌ఫెల్డు లోకమునుండి యేమియు గోరడు. గౌరవమునకు జంఘాలశాస్త్రియే యర్హుడు. నవ్వువిషయమున మాత్రము చీవాట్లు దగిలినవాడు నవ్వు సగములో నాపివేయును.

మూడవలోపము గంభీరమైనది. అది యితనిది గాదు, ఈ ప్రక్రియది. పాప్‌టార్ట్ అనునది 1964లో కెల్లాగ్ సంస్థవారు విక్రయమునకు దెచ్చిన తీపి తినుబండారము. రొట్టెలు గాల్చు చిన్నయంత్రమున వేడిచేసికొని తినునది. అప్పటికి బదేండ్ల బాలుడైన సైన్‌ఫెల్డునకు అదియొక మహాద్భుతము. ఎన్నడును తాజాగా లేనిది పాచిపోవు టెట్లని యతడు చేయు విరోధచమత్కారమున కమెరికావారు పగులబడి నవ్వుదురు. నేను దానిని నోట బెట్టుకొనియుండలేదు. నాకు వక్రత బోధపడినది, సమ్మతి పుట్టలేదు. నా ప్రక్కనున్న బంధువు చెవిలో వ్యాఖ్యానము చెప్పెను. వ్యాఖ్యానముచే నర్థము వచ్చినది, నవ్వు రాలేదు.

అప్పుడు నాకు క్రీడాభిరామము స్ఫురించినది. కర్తృత్వవివాద మిచట ననవసరము. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటివీథులవెంట దిరుగుచు, పూటకూటింటి భోజనమును, కోడిపోరును, పొట్టేళ్ల పోరును, పాటకులను, వేశ్యవాటికను జూచి చెప్పుకొను మాటలే యా వీథి. లోకపరిశీలనహాస్యమునకు తెలుగున నంతకంటె బ్రాచీనమైనది నే నెఱుగను. కాకతీయుల యోరుగల్లును కన్నులార జూచిన తాతలు గలవారు దానిని వినునప్పుడు ఆ మొదటిధ్వని, ఆ ఊకొట్టు, తప్పక పుట్టియుండును. రూకకు బెట్టిన యాభోజనమును మనమును జదువుచున్నాము, రుచిని మెచ్చుకొనుచున్నాము, చరిత్రకారులు దానినుండి నాటి ధరలను దీయుచున్నారు. నవ్వుట మాత్రము తక్కువ. వస్తువు మఱుగుపడినంతనే సమ్మతి పోవును. టీకాకారు డర్థమును బ్రతికింపగలడు గాని సమ్మతిని బ్రతికింపలేడు. శృంగారమునకు, వీరమునకు నీ భయ మింతగా లేదు. అమెరికావారి పాప్‌టార్టునకును ఇట్టి దినము రాగలదు. అంతవఱకే యా ప్రసంగమునకు నాయువు.

నేడు హైదరాబాదునందును తెలుగున నిట్లు నిలుచుండి మాటలాడు యువకులు బయలుదేరియున్నారు. వారి కొక భాషాసంకటము గలదు. సైన్‌ఫెల్డు నవ్వు పుట్టించు మాటను వాక్యమున గట్టకడపట నుంచును; అది విన్న పిదప మఱియొక మాట వినవలసిన పని యుండదు. తెలుగువాక్యమున కడపట నుండునది క్రియ. చమత్కార మంతయు నామవాచకమునం దున్నయెడల దానివెనుక నింకొక ‘ఉన్నది’, ‘చేసినాడు’ వచ్చి నవ్వునకు మూత వేయును. వీథిలో మాటలాడు జనము దీనికి ఉపాయ మెఱుగుదురు. ‘వచ్చినాడమ్మా, మహారాజు’ అని క్రియను ముందునకు ద్రోసి నామమును జివరకు దెత్తురు. గ్రాంథికాభిమాని నయ్యును ఈ యొక్కచోట వాడుకమాట పొందికను మెచ్చుకొనక తప్పదు. ఇంగ్లీషుమాటలను నడుమనడుమ జొప్పించుకంటె ఈ వ్యత్యస్తక్రమమును సాధించుట వారి కుపకరించును.

నా సిద్ధాంతమునకు లొంగని దొకటి మిగిలియున్నది. ఒక్కొక్కతావున నతడు సమ్మతివాక్యము చెప్పి, మాట ద్రిప్పవలసినచోట ద్రిప్పక, ఊరక సభవంక జూచును. మైకు చేతనే యుండును. ఏమియు ననడు. నవ్వు వెనుకవరుసలనుండి మొదలై రంగమువఱకు వచ్చును. ఇచట నుక్తియే లేదు. కావున స్వభావోక్తియు గాదు, వక్రోక్తియు గాదు. ఆంగికమందమన్న ఱెప్పయు గదలలేదు. ఈ మౌనమునకు శాస్త్రమున నే తావు గలదో పెద్దలు నిర్ణయింతురు గాక.